చివికిపోవాల్సిన గుడ్డ

పెన్‌గార్త్, కార్న్‌వాల్
6 మే 1996

అమ్మాయ్ మెరిన్,

నీ మే పండగ కార్డు అందింది. దానిమీద కొమ్ముల దేవుడు బాగానే ఉన్నాడు కానీ, మా పోస్ట్‌మాన్ దాన్ని రెండు వేళ్ళ కొసలతో పట్టుకొచ్చాడు. "ఈయనెవరు లవ్‌డే, మీ చుట్టమా?" అన్నాడు. "మా మేనకోడలి తరఫు" అన్నాను. ఊళ్ళో ఇప్పటికి అందరికీ తెలిసే ఉంటుంది.

మీ లీడ్స్‌లో పండగ ఎలా జరిగిందో రాయి. అంగీలు, దీపాలు, పదముగ్గురు మనుషులు, పాత దేవతల్ని కొలిచే మీ బృందానికి హడావుడి ఎక్కువ. నాకు ఎప్పటిలాగే నేనొక్కదాన్నే. పొద్దున్నే కిటికీ తెరిచి "వచ్చావా నాయనా" అని సూర్యుణ్ణి పలకరించాను. గుమ్మం పక్క రాయి మీద దేవతకని పాలు పోస్తే పిల్లి తాగేసింది. ఆ తల్లి తాగితేనేం, పిల్లి తాగితేనేం అని ఊరుకున్నాను.

తర్వాత కత్తెర, సంచీ పట్టుకుని ఊట దగ్గరికి వెళ్ళాను. నెలకోసారి అక్కడ శుభ్రం చేస్తానని నీకు తెలుసుగా. ఊట పక్కనున్న ముళ్ళచెట్టును చూస్తే ఏడుపొచ్చింది. రోగం పోవాలని దానికి గుడ్డపేలిక కట్టడం మా తాతల నాటి అలవాటే. కానీ ఇప్పుడు బస్సులేసుకుని వచ్చేవాళ్ళు ఏది దొరికితే అది కడుతున్నారు. మేజోళ్ళు, చాక్లెట్ కాగితాలు, ఒక బూటు తాడు. పండగ రోజున పదకొండు కోసి పారేశాను. అన్నిటికన్నా ఘోరం ఒక ఊదారంగు నైలాన్ రిబ్బను. దానికి తొమ్మిది ముడులు, మధ్యలో బంగారు సిరాతో ఏవో గీతలు. లేత కొమ్మకు ఊపిరాడకుండా బిగించారు. ఎవరో పట్నం మూర్ఖురాలి పని.

మీ నాన్న, అదే నా అన్నగారు, ఆదివారం ప్రార్థన మందిరం తప్పని ఆ చాపెల్ పెద్దమనిషి ఎలా ఉన్నాడో నువ్వు రాయవు. నేను అడగను.

కత్తెరకు పదును పెట్టుకుంటూ,
లవ్‌డే అత్త


లీడ్స్
19 మే 1996

అత్తకి,

పండగ జరిగింది. మార్గొట్ ఇంటి పైగదిలో నాలుగు దిక్కుల్నీ పిలిచే వేళకు ధూపం ఎక్కువై పొగ గంట మోగింది. కింది వాటా ముసలాయన చీపురుకర్రతో కప్పును పొడిచాడు. పూజకు గీసిన వలయం తెగిందని మార్గొట్ మాచేత మొదటినుంచీ మళ్ళీ చేయించింది. పెద్దదిక్కుగా మమ్మల్ని నడిపేది ఆవిడే, చెబితే చెయ్యాలి.

ఇక నీ కత్తెర సంగతి. ఆ హక్కు నీకెవరిచ్చారు? నీ రాయి మీద పాలు పిల్లి తాగినా తప్పులేదు. ఇంకొకరు కట్టిన రిబ్బను మాత్రం మూర్ఖత్వం! ఎవరి దేవుణ్ణి వాళ్ళకు తోచినట్టు కొలుచుకోవచ్చని నాకు పదిహేనో ఏట చెప్పింది నువ్వే. ఆ తొమ్మిది ముళ్ళూ వెయ్యడానికి ఎవరికో తొమ్మిది రోజులు పట్టి ఉండొచ్చు. రోజుకొక ముడి, ముడికొక మొర. నువ్వు ఒక్క క్షణంలో కోసేశావు.

నాన్న బాగానే ఉన్నారు.

మెరిన్


పెన్‌గార్త్
2 జూన్ 1996

మెరిన్,

గుమ్మడికాయల దొంగ అంటే నువ్వెందుకమ్మా భుజాలు తడుముకుంటున్నావు? నిన్నేమైనా అన్నానా? ఆ ఉత్తరం రాసిన చెయ్యి నీది, మాటలు మాత్రం ఆ మార్గొట్‌వి. ఎప్పుడూ చివర్లో 'ముద్దులతో' అని రాసేదానివి, ఈసారి ఉత్త పేరు పడేశావు. బాధేసింది. దాచుకోవడం నాకు చేతకాదు.

హక్కు ఎవరిచ్చారంటావా? ఎవరూ ఇవ్వలేదు. కొమ్మ ఎండిపోతుంటే చూడలేక కోస్తున్నాను. నీకు అసలు సంగతి తెలిసినట్టు లేదు. మీరు చదివే పుస్తకాల్లో రాయరేమో. గుడ్డ కట్టేది అందానికి కాదు. ఎండకూ వానకూ అది చివికిపోతూ ఉంటే, దానితోపాటు ఒంట్లో రోగం కూడా పోతుంది. గుడ్డ పూర్తిగా రాలిపోయిన నాటికి మనిషి లేచి తిరగాలి. నైలాన్ నూరేళ్ళకు కూడా చివకదు. అది కట్టినావిడ ఎవరి రోగాన్నో నూరేళ్ళపాటు పదిలంగా కట్టిపెట్టింది. నేను కోసి మేలే చేశాను.

అన్నట్టు, కోసి పారేశానన్నది అబద్ధం. ఒకరి మొరను చెత్తలో వెయ్యడానికి చెయ్యి రాదు. తగలబెడదామంటే నైలాన్ కంపు. నాలుగు సంచులు షెడ్డులో పెట్టుకుని కూర్చున్నాను. కోసేముందు ప్రతిదానికీ "ఏమనుకోకు" అని చెబుతాను. ఇది కూడా నా పూజలో ఒక భాగమే అనుకో.

మీ నాన్న కూడా గనిలో పని చేసినన్నాళ్ళూ మాంసం కూరిన పాస్టీ రొట్టె తిని, దాని మడత కొస గనిలో ఉంటాయనే మరుగుజ్జు దేవతల కోసం కింద పడేసేవాడు. ఆదివారం చాపెల్లో మాత్రం అలాంటివి సైతాను పనులని గొంతెత్తి పాడేవాడు. ఎవరి పద్ధతి వాళ్ళది. నేను మనుషుల్ని అనలేదు, నైలాన్‌ను అన్నాను.

ఇంకా కోపంగానే,
అత్త


లీడ్స్
17 జూన్ 1996

అత్తా,

ఆ పట్నం మూర్ఖురాలిని నేనే.

మార్చి తొమ్మిదిన నాన్నకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది, మాట ముద్దగా వస్తోంది. ఆసుపత్రిలో ఆయన కూడబలుక్కుని చెప్పిన మొదటి మాట "లవ్‌డేకి చెప్పకు." మాటిచ్చాను. నువ్వు ఫోన్లో ముక్క వినలేవు కాబట్టి మాట నిలబెట్టుకోవడం సులువే అయింది, ఉత్తరంలో ఒక్క అబద్ధం రాస్తే సరిపోయింది.

ఏప్రిల్ ఇరవై ఏడున మా బృందమంతా బస్సులో మీ ఊటకు వచ్చాం. నువ్వు శనివారం సంతలో ఉంటావని తెలిసే ఆ రోజు ఎంచుకున్నాను. నీ ఇంటి ముందునుంచే నడిచి వెళ్ళాను అత్తా. నీ పిల్లి నన్ను చూసింది. తొమ్మిది రోజులపాటు నాన్న పేరు తలుచుకుని వేసిన ముళ్ళు అవి. మే ఒకటిన నువ్వు కోశావు. మే రెండున నాన్న ఇంట్లో మళ్ళీ పడ్డారు. తుంటి ఎముక దెబ్బతింది, నెలరోజులు మంచం మీదే.

నీవల్ల అని నేననడం లేదు. తేదీలు మాత్రం లెక్కపెట్టకుండా ఉండలేకపోతున్నాను. పైగా ఇప్పుడు నువ్వు రాసింది చదివాక ఇంకో భయం పట్టుకుంది. నువ్వు కోయకపోయి ఉంటే నూరేళ్ళు కట్టిపెట్టినదాన్ని నేనే కదా? రెండు రకాలుగానూ నిద్ర పట్టడం లేదు. మార్గొట్‌ను అడిగితే సంకల్పం ముఖ్యం, దారం కాదంది. ఆవిడ తండ్రి బాగానే ఉన్నాడు మరి.

నీకు చెప్పేశానని నాన్నకు చెప్పలేదు.

మెరిన్


పెన్‌గార్త్
20 జూన్ 1996

తల్లీ,

ఉత్తరం రాగానే షెడ్డులో నాలుగు సంచులూ నేలమీద కుమ్మరించాను. మూడో దాంట్లో దొరికింది. వంటింట్లో మేకుకు తగిలించాను. మళ్ళీ చెట్టుకు మాత్రం కట్టలేదు, కట్టను.

కోసినందుకు క్షమించమని అడుగుతున్నాను. అవి నీ ముడులని తెలిసి ఉంటే కోసేదాన్నా? కోసేదాన్నే, కానీ నీ చేత పట్టించి, నీకు చెప్పి కోసేదాన్ని. అన్నయ్య మూడు నెలలుగా మంచంలో ఉంటే నేనిక్కడ పోస్ట్‌మాన్‌తో వేళాకోళాలాడుతూ కూర్చున్నాను. దానికి మాత్రం నీమీద కోపం ఉంది. కోపం నీమీదో, వాడిమీదో, నా చెవిటితనంమీదో చెప్పలేను.

ఇప్పుడు చెయ్యాల్సింది చెప్తాను. రోగి ఒంటిమీది గుడ్డే కావాలి, రోగమున్న చోటిదే కావాలి. కుడిచెయ్యి అంటున్నావు కాబట్టి చొక్కా కుడి చేతి గుడ్డ. నూలుదై ఉండాలి. దొంగతనంగా చింపకు. అడుగు. వద్దంటే వద్దు. ఇష్టంలేనివాడి తరఫున మొక్కడం దొంగ సంతకం పెట్టడమే.

లవ్‌డే


లీడ్స్
14 జూలై 1996

అత్తా,

అడిగాను. అడగడానికే మూడు వారాలు పట్టింది.

ఆదివారం గంజి తాగిస్తూ అంతా చెప్పేశాను. బస్సు, రిబ్బను, నీ కత్తెర, ఉత్తరాలు. ఇంట్లోంచి వెళ్ళగొడతారనుకున్నాను. ఆయన నవ్వారు అత్తా! సగం మూతితోనే అయినా నవ్వారు. చెంచా పక్కకు తోసి, ఒక్కో మాటా ఏరుకుంటూ చెప్పారు. "నైలానా? మీ అత్త నాలుగేళ్ళ పిల్లప్పుడు... నడక రాలేదు... అమ్మ నాచేత మోయించుకుని... ఆ ఊటకే తీసుకెళ్ళింది." అప్పుడు ఆయనకు పదేళ్ళట. నిన్ను వీపున వేసుకుని వెళ్ళారట. నానమ్మ తన చాపెల్ టోపీ కింద రుమాలు కట్టుకుని, ఎవరైనా చూస్తారేమోనని పొలాల వెంబడి నడిపించిందట. నీ మేజోడు పైభాగం చింపి కట్టింది. గుడ్డ పోయేలోపు నువ్వు గోడ పట్టుకుని నిలబడ్డావట. ఎవరికీ చెప్పొద్దని ఆయనచేత బైబిల్ మీద ఒట్టు వేయించుకుంది. ఇది నీకు తెలుసా? నాకు తెలియదు. నువ్వెప్పుడూ రాయలేదు.

ఆయన పద్ధతి కూడా చెప్పారు, నీకు రాయమన్నారు. గుడ్డను కత్తెరతో కోయకూడదు, చింపాలి. నీళ్ళలో ముంచిన దగ్గర్నుంచి ముడి పడేదాకా ఒక్క మాట మాట్లాడకూడదు. చివర్లో "మన చాపెల్లో మాత్రం... చెప్పకు" అన్నారు.

మే రెండున ఎందుకు పడ్డారో కూడా తెలిసింది. నేను దాచిపెట్టిన పొగాకు డబ్బా కోసం ఒంటిచేత్తో కుర్చీ ఎక్కారట! రెండు నెలలుగా దేవతల్ని నిందించుకుంటూ ఉన్నాను, ఈయనకేమో చుట్ట కావాల్సొచ్చింది.

చొక్కా కుడిచేతి ముక్క ఇందులో పెట్టాను. ఆయనే ఎడంచేత్తో లాగి చింపారు.

ముద్దులతో,
మెరిన్


పెన్‌గార్త్
21 జూలై 1996

మెరిన్ తల్లీ,

నాకు తెలియదు. మా అమ్మ నన్ను ఆ ఊటకు తీసుకెళ్ళిందని యాభై ఏడేళ్ళు వచ్చాక నీ ఉత్తరంలో చదివి తెలుసుకున్నాను. అమ్మ ఆ పక్కకు చూసేది కూడా కాదే. నేను ముప్ఫై ఏళ్ళప్పుడు నా అంతట నేనే ఆ ఊటను కనుక్కున్నాననుకుని గర్వపడ్డాను. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు, నేనేమో నా పెరట్లో మందు నేనే నాటాననుకున్నాను. ఉత్తరం చదివి మెట్టుమీద కూర్చున్నాను. పాలగిన్నె పొంగిపోయింది.

సరే, పని సంగతి. మీ నాన్న ముక్క పనికిరాదు. కట్టేముందు అనుమానమొచ్చి ఒక పోగు లాగి అగ్గిపుల్ల పెట్టాను. నూలైతే బూడిదవ్వాలి. అది ముడుచుకుపోయి నల్లటి పూసయింది. సగానికి సగం పాలిస్టర్! మీ అమ్మ పోయినప్పటినుంచీ ఇస్త్రీ అక్కర్లేని చొక్కాలు కొంటున్నాడన్నమాట. ఇంట్లో అసలు నూలు బట్ట ఏదైనా ఉందేమో చూడు.

నా దగ్గర మాత్రం ఒకటుంది. 1979లో అమ్మ అంత్యక్రియలయ్యాక వాడు "ఇక నువ్వు నాకు చెల్లెలివి కావు" అని వెళ్ళిపోతూ వదిలేసిన గని చొక్కా. మందపాటి నూలుది. పదిహేడేళ్ళుగా ఊట దగ్గర పనికి వెళ్ళేటప్పుడు అదే వేసుకుంటున్నాను. కానీ ఏం లాభం, అది ఇప్పుడు నా ఒంటి గుడ్డ, నా చెమటే ఉంది దానికి. వాడు మళ్ళీ వేసుకుంటే తప్ప పనికిరాదు.

పోస్టులో పంపమంటే పంపుతాను. లేదంటే ఇక్కడే ఉంటుంది.

అత్త


లీడ్స్
18 ఆగస్టు 1996

అత్తా,

ఇంట్లో బీరువా అంతా వెతికాను. నూలుది అంటే ఒక్క టేబుల్ గుడ్డ దొరికింది. నీ ఉత్తరం చదివి వినిపించాను. పోస్టులో పంపమని రాయనా అన్నాను. నాన్న "అది... టక్కులాడి. చిన్నప్పట్నుంచీ అంతే" అన్నారు. పంపమనొద్దన్నట్టు చెయ్యి ఊపారు. కథ అయిపోయిందనుకున్నాను. మర్నాడు పొద్దున అడిగారు, "హాలిడే... ట్రూరో ఎప్పుడు వెళ్తున్నాడు?"

హాలిడే గారంటే ఇక్కడి చాపెల్ పెద్ద. మీ ఊరికి దగ్గరే, ట్రూరోలో కూతురింటికి సెప్టెంబరు ఏడున కార్లో వెళ్తున్నారు. నాన్నను నీ ఇంటి దగ్గర దింపి, వారం తర్వాత వచ్చి తీసుకెళ్తారు. పదిహేడేళ్ళకు అన్నాచెల్లెళ్ళు కలుస్తున్నారని ఆయన ఒకటే సంబరం, పోయిన ఆదివారం ప్రార్థనలో కూడా చెప్పారు. ఎందుకు వెళ్తున్నారో మాత్రం ఆయనకు తెలియదు. గుమ్మం దగ్గర రాయి, పాలు ఆయనకు కనపడకుండా కాస్త చూసుకో.

నాకు సెలవు దొరకలేదు. మందుల చీటీ ఆయన జేబులో పెడతాను. చుట్ట ఇవ్వకు.

ముద్దులతో,
మెరిన్


పెన్‌గార్త్
15 సెప్టెంబరు 1996

నా మెరిన్‌కి,

హాలిడే గారి కారు ఇప్పుడే మలుపు తిరిగింది. వాడు నీ దగ్గరికి చేరేలోపు నా ఉత్తరం చేరదు కానీ, వాడు చెప్పడు కాబట్టి నేనే రాయాలి.

వచ్చిన రోజు ఆ పెద్దాయన కారు దిగగానే రాయి మీద పాలు చూశాడు. దాచడం మర్చిపోయాను. "పిల్లికా అమ్మా?" అన్నాడు. నేను నీళ్ళు నములుతుంటే మీ నాన్న కార్లోంచే "ఆ... పిల్లికే" అన్నాడు. పదిహేడేళ్ళ తర్వాత నా ఇంటి ముందు నా అన్న నోట వచ్చిన మొదటి మాట అది. చాపెల్ మనిషి, నాకోసం అబద్ధమాడాడు.

హాలిడే గారు వెళ్ళాక నన్ను తేరిపార చూసి "ముసలిదానివయ్యావు" అన్నాడు. "నువ్వు పెళ్ళికొడుకులా ఉన్నావు మరి" అన్నాను. అంతే, ఇక టీ తాగాం. ఒక్కో మాటా వెతుక్కోవాలంటే వాడికి చిరాకు. వాడు నిదానంగా మాట్లాడితే నాకు బాగా వినపడుతుందని చెబితే కాస్త తగ్గింది. చొక్కా ఉతికి ఉంచాను. రెండ్రోజులు అదే వేసుకున్నాడు. గుండీలు నేను పెట్టాను. భుజాల దగ్గర వదులైంది.

మంగళవారం పొద్దున ఊటకు వెళ్ళాం. పావుగంట దారికి గంట పట్టింది. కుడిచేతి గుడ్డను నేను చింపబోతే తల అడ్డంగా ఊపి, పళ్ళతో కరిచి ఎడంచేత్తో లాగాడు. అమ్మ అలాగే చింపిందట. దాన్ని ఊటలో ముంచి, నేను వాడి కుడిచెయ్యిని వేలి కొసలదాకా తడిపాను. నియమం ప్రకారం ఇద్దరం మాట్లాడకూడదు. మాట్లాడకుండా ఉండటం మా ఇద్దరికీ పదిహేడేళ్ళ అలవాటే కదా, ఏమీ కష్టం కాలేదు.

కొమ్మకు ముడి వేశాను. చూసి మళ్ళీ తల అడ్డంగా ఊపాడు. ఎడంచేత్తో తంటాలు పడి విప్పేశాడు. ఒక కొస నా చేతిలో పెట్టి, రెండోది తను పట్టుకుని, ఎటునుంచి ఎటు తిప్పాలో కళ్ళతో చెప్పాడు. రెండుసార్లు జారిపోయింది. మూడోసారి అటునుంచి వాడు, ఇటునుంచి నేను లాగితే పడింది. కొమ్మకు వదులుగా, గాలికి ఊడకుండా. అమ్మ ముడి అది. అది చూశాక నాకు ఏడుపు ఆగలేదు.

అప్పుడు అడిగాను. "అమ్మే నన్ను ఇక్కడికి తెచ్చింది కదా, మరి శవపేటికలో అమ్మ మొహం ఈ నీళ్ళతో తుడిచానని నన్నెందుకు వెలివేశావు?" ఒక్కో మాటా కూడదీసుకుని చెప్పాడు. "తుడిచినందుకు కాదు. పదిమంది ముందు... తుడిచావు. అమ్మ జన్మంతా దాచుకుంది." నాకు తెలిస్తే కదా అన్నాను. "ఒట్టు వేశాను కదా" అన్నాడు. ఇంతే మెరిన్, ఇంతకంటే ఏమీ లేదు. ఒకడు ఒట్టు నిలబెట్టుకున్నాడు, ఒకతికి ఒట్టు సంగతే తెలియదు. పదిహేడేళ్ళు పోయాయి.

చెయ్యి బాగుపడుతుందని నేను రాయను. నిన్న చెంచా పట్టుకున్నాడు, మళ్ళీ జారింది. గుడ్డ చలికాలం దాటేసరికి సగమైనా పోతుంది. ప్రతి నెలా చూసి రాస్తాను. చొక్కా తీసుకెళ్ళమంటే "ఇక్కడే ఉండనీ" అన్నాడు. చుట్ట ఒక్కటే ఇచ్చాను, తిట్టకు.

పొద్దున పెట్టె సర్దుతుంటే వంటింట్లో మేకు దగ్గర ఆగాడు. నీ ఊదా రిబ్బను తీసి, బొటనవేలితో ముళ్ళు ఒక్కొక్కటే లెక్కపెట్టుకున్నాడు. తొమ్మిదీ అయ్యాక "ఇది... చివకదన్నావు కదూ?" అన్నాడు.

"నూరేళ్ళకైనా చివకదు" అన్నాను.

"అయితే ఇది నేను ఉంచుకుంటా" అని మడిచి, ఒంటిమీదున్న తన చొక్కా జేబులో మందుల చీటీ పక్కన పెట్టుకున్నాడు.

ఉతికేముందు జేబు చూసుకో.

నీ లవ్‌డే అత్త